ఉస్తాద్ వాసన చూసిన డబ్బా

1998 మే 12, ఉదయం పదిన్నరకు కొత్తకోటలోని మెకానిక్ ఉస్తాద్ షెడ్డులో, లాగుడు తగ్గిన మా పాత పెట్రోలు ఇంజెక్షన్ కారుకు పరీక్ష మొదలైంది. పొగగొట్టంలో ఉండి పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ మీదే నా అనుమానం.

ఏ బండి వచ్చినా ఉస్తాద్ ముందు పొగగొట్టం దగ్గర వంగి, కళ్లు మూసుకుని వాసన చూసేవాడు. "పొగ ఝూట్ చెప్పది సార్," అనేవాడు. ఆ ముక్కును నమ్మి కల్వకుర్తి నుంచి కూడా బండ్లు వచ్చేవి.

సెన్సర్ తీగకు నా వోల్టు మీటరు తగిలించాను. ఇంజన్ వేడెక్కినా అంకె 0.2 వోల్టుల దగ్గరే నిలిచింది. అంటే సెన్సర్ అయినా పోయి ఉండాలి, ఇంజన్‌లోకి గాలి అయినా ఎక్కువ పోతుండాలి. ఇంజన్ గాలి పీల్చే చోట పెట్రోలు గుడ్డ పెడితే, సెన్సర్ బాగుంటే అంకె పైకి లేవాలి. ఉస్తాద్ పెట్రోలు కోసం అక్కడున్న రెండు డబ్బాలు వాసన చూసి, ఒకదానితో గుడ్డ తడిపి పెట్టాడు. అంకె కదలలేదు.

"సెన్సర్ సచ్చింది సార్. కొత్తది తెప్పియ్యుండ్రి."

గుడ్డ అందుకోగానే వచ్చిన వాసనకు నేను నిర్ఘాంతపోయాను. అది కిరోసిన్. రెండో డబ్బాలోని పెట్రోలుతో మరో గుడ్డ తడిపి పెట్టగానే అంకె 0.85కు ఎగిరింది.

"ఉస్తాద్, ఇది గ్యాసునూనె కదా! వాసన రాలేదా?"

ఆయన ముఖం పాలిపోయింది. గొంతు తగ్గించాడు. "మూడేండ్లాయె సార్, ఏ వాసనా వస్తలేదు. ఇంజన్ సప్పుడు ఇని చెప్తున్న. జర ఎవ్వరికి చెప్పకుండ్రి. అందరు నా ముక్కును చూసే వస్తరు."

అంతలో బయటి నుంచి లారీ డ్రైవర్ కేకేశాడు: "ఉస్తాద్, నా బండి పొగ జర చూడరాదే!"

ఆయన వెళ్లి వంగాడు. కళ్లు మూసుకున్నాడు.

ఆనాటి లెక్క ఇది. పాడైపోయింది ఒకటే: తర్వాత వెతికితే దొరికిన, ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే చీలిన గొట్టం. పోకుండా మిగిలినవి రెండు: సెన్సర్, ఉస్తాద్ పేరు. ఆయన ముక్కు అంతకు మూడేళ్ల ముందే పోయింది కనుక, ఆనాటి లెక్కలో చేర్చలేదు.