నేతముడి దాకా విప్పిన కాయిల్

మా ఇంటి వెనక షెడ్డులో, బల్ల పక్కన, ఒక నీలం రంగు ప్లాస్టిక్ పీపా ఉంది. అడుగు నుంచి సగానికి కొంచెం పైదాకా దానికి రాగి తీగ చుట్టి ఉంటుంది. ఆపైన ఖాళీ. ఆ ఖాళీ మేర ప్లాస్టిక్ రంగు కొంచెం ముదురుగా కనిపిస్తుంది, గోడ మీద పటం తీసేసిన చోటులాగా. ఒకప్పుడు తీగ పీపా అంచు దాకా ఉండేది.

నేను గ్లాస్గోలో ఒక ఆసుపత్రిలో గుండె మానిటర్లు బాగుచేసే పని చేసి రిటైరయ్యాను. అమెచ్యూర్ రేడియో లైసెన్సు అంతకు చాలా ముందు నుంచే ఉంది. రిటైరయ్యాక అన్నిటికన్నా కింద ఉండే బ్యాండు మీద మనసు పడింది. అక్కడ ఒక్కో అల పొడవు నాలుగు కిలోమీటర్లు. అంత అలకు సరిపడే ఏరియల్ ఏ ఇంటి గార్డెన్‌లోనూ పట్టదు. మనకున్న కాస్త తీగకూ, లేని పొడవుకూ మధ్య తేడాను పూడ్చేది కాయిల్, అంటే పీపాకు చుట్టిన ఆ రాగి తీగ. ఆ సామానేదీ షాపుల్లో దొరకదు, ఎవరిది వాళ్ళు చేసుకోవలసిందే. సంకేతాలు పంపడానికి నేను చేసిన పెట్టె పుచ్చుకునే కరెంటు ఒక గది బల్బు కన్నా తక్కువ. అందులో గాలిలోకి పోయేది టార్చిలైటు పాటి కూడా కాదు.

అంత బలహీనమైన సంకేతం దూరం పోవాలంటే నెమ్మదిగా పంపాలి. మోర్స్‌లో ఒక్క చుక్కను టీ వడకట్టుకునేంత సేపు పట్టి ఉంచాలి. అవతలివాళ్ళు చెవులతో వినరు. కంప్యూటర్ తెర మీద పొట్టి గీతా పొడుగు గీతా తెల్లగా తేలుతుంటే చూసి చదువుకుంటారు. నా స్టేషన్ గుర్తు, లైసెన్సుతో ఇచ్చిన ఐదారు అక్షరాలు, మొత్తం పంపడానికి ఆదివారం ఉదయం పూట సరిపోయేది.

"అచ్చం మీలాగే ఉంది మీ రేడియో, పూటకో మాట," అనేది నా భార్య. "ఇడ్లీ పిండైనా పులుస్తుంది గానీ మీ అక్షరం పూర్తి కాదు."

అవతల చూసేది లండన్‌లో, వెంబ్లీలో ఉండే మా మిత్రుడు. కర్నూలు వైపు డాక్టరు, ఆయనా రిటైరయ్యాడు. నన్ను "అప్పా" అంటాడు, ఆమెను "చెల్లెమ్మా" అంటాడు. ఆయనకు రేడియో పిచ్చి అంటించింది నేనే.

కాయిల్ చుట్టింది మాత్రం నేను కాదు. చుట్టబోయి మొదటి పూటే తీగనంతా చిక్కు చేసి కూర్చున్నాను. ఆమె వంటింటి కిటికీలోంచి చూసి, కొంగు దోపుకుంటూ వచ్చింది. చీరాల దగ్గర నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. బడికి వెళ్ళేముందు వాళ్ళ నాన్న మగ్గానికి నూలు కండెలు చుట్టి పెట్టేదట.

"లేవండి అక్కణ్ణుంచి. మీరు పీపా తిప్పండి చాలు, తీగ మీద చెయ్యి పెట్టకండి."

పాత చీర పేలికను మడిచి, దాని మధ్య నుంచి తీగను పోనిస్తూ, వేళ్ళతో బిగువు పట్టింది. వరస పక్కన వరస, గోరు దూరనంత దగ్గరగా తీగ కూర్చుంది. టీ చల్లారిపోతోందన్నా ఆమె లేవలేదు. "సగంలో వదిలితే మా నాన్న ఊరుకునేవాడు కాదు," అంది. మొదటి రీలు అయిపోయినప్పుడు రెండో రీలు కొసను తీసుకుని, కళ్ళు మూసి తెరిచేలోగా నేతముడి వేసేసింది.

"ఇది దారం కాదే! తీగను సోల్డర్ చెయ్యాలి."

"మీ సోల్డర్ మీరు పోసుకోండి. ముడి మాత్రం నాది."

తీగ మీది ఎనామెల్ పూత గీకి, ముడి మీదే సోల్డర్ కరిగించి పోశాను. చిన్న వెండి గింజలాగా తయారైంది.

కాయిల్ పనిచేసింది. నా మీటరు ముల్లు లేచింది. వెంబ్లీలో మాత్రం ఏమీ కనపడలేదు. ఆయన ఇంటి వెనకే కరెంటు రైళ్ళ పట్టాలు. తెర నిండా వాటి గోల తాలూకు గీతలే. ఆదివారం ఫోను పెట్టేసి నేను లోపలికి రాగానే ఆమె అడిగేది.

"కనపడిందా అన్నయ్యగారికి?"

"లేదు."

"కళ్ళద్దాలు మార్చుకోమనండి."

ఆ రాత్రి డైరీలో "వెంబ్లీ, లేదు" అని రాసుకునేవాణ్ణి. అలా చాలా ఆదివారాలు గడిచాయి.

2002 ఆకు రాలే కాలంలో ఆమె జబ్బు బయటపడింది. క్లోమంలో గడ్డ అన్నారు. వార్డుల్లో అన్నేళ్ళు తిరిగినవాణ్ణి, మిగతాది నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ముందుగదిలో, గార్డెన్ కనిపించేలా మంచం వేశాం. నేను ఆదివారాలు మానేద్దామనుకుంటే ఆమె ఒప్పుకోలేదు. "వెళ్ళండి, ఆయన ఎదురుచూస్తుంటారు," అని పంపేది. నేను తిరిగొచ్చే సరికి అదే ప్రశ్న.

ఒక ఆదివారం ఎప్పటిలాగే లేదన్నాను. ఆమె కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది.

"నేను చుట్టింది సరిగా లేదేమో. మీరు మొహమాటపడి చెప్పడం లేదు."

"నీ చుట్టు తప్పు కాదు. అది వెంబ్లీ రైళ్ళ గొడవ."

"పాపం, రైళ్ళ మీద పెడతారు."

నవ్వుతూనే అంది. కానీ నమ్మలేదని ఆ నవ్వులో తెలిసిపోయింది. ఫిబ్రవరిలో పోయింది. ఆ అనుమానం తీరకుండానే పోయింది.

ఆ బ్యాండు మాకు ప్రభుత్వం తాత్కాలికంగా ఇచ్చినది. ఆ వేసవితో అనుమతి ముగుస్తుందని ముందే చెప్పారు. అది ముగిసేలోగా ఆమె కాయిల్ ఒక్కసారి వెంబ్లీలో కనపడాలి. నాకు అదొక్కటే మిగిలింది. మిత్రుడు ఇంట్లో ఫ్రిజ్ దగ్గర నుంచి గోడగడియారం దాకా అన్నీ ఆపేసి తెర ముందు కూర్చునేవాడు. ఆఖరి ఆదివారం ఫోను చేశాడు.

"ఒక అక్షరం వచ్చిందప్పా. ఒకటే. ఆ తర్వాత రైలొచ్చె."

గుర్తు మొత్తం అందితేనే లెక్క. ఒక్క అక్షరం లెక్కలోకి రాదు. ఆ రాత్రి డైరీలో ఎప్పటి మాటే రాశాను.

దానికి పైన ఉన్న ఇంకో బ్యాండు మాకు మిగిలింది. అక్కడ రైళ్ళ గోల తక్కువ, కానీ అల పొడవు దాదాపు సగమే కాబట్టి అంత కాయిల్ అక్కర్లేదు. సగం చుట్లు తీసేయాలి. తీయకుండా మధ్యలో క్లిప్పు పెట్టి మిగతాది వదిలేస్తే, ఆ వదిలేసిన చుట్లే ఉన్న కాస్త బలాన్నీ తింటాయి.

"కొత్తది చుట్టుకోరాదా? దాన్నెందుకు విప్పేది?" అన్నాడు ఆయన.

కొత్తది కనపడితే నాకేం ఉపయోగం?

చాలా నెలలు ముట్టుకోలేదు. ఆమె మొదటి సంవత్సరీకం అయ్యాక, ఎండ ఉన్న ఒక రోజు పీపాను షెడ్డు గుమ్మంలోకి జరిపి విప్పడం మొదలుపెట్టాను. పాత చీర పేలిక బల్ల సొరుగులోనే ఉంది. దాని మధ్య నుంచే తీగను పోనిచ్చి, ఒక చెక్క రీలుకు ఎక్కించాను. ఒక్కో వరస ఊడుతుంటే ఆమె వేళ్ళు వెళ్ళిన దారిలోనే వెనక్కి వస్తున్నట్టుంది. సగంలో ఆపకూడదని టీకి కూడా లేవలేదు. అలా ముడి దాకా వచ్చాను. దానికి ఇవతల తీగ కత్తిరించి, ముడికే ఏరియల్ కలిపి కొలిచాను.

ఇంకా కొన్ని చుట్లు ఎక్కువే ఉన్నాయి. అవి తీస్తే ముడి పోతుంది.

కట్టరు ముడి దాకా తెచ్చి వెనక్కి తీశాను. తర్వాత నిచ్చెన తీసుకుని గార్డెన్‌లోకి వెళ్ళి, చిమ్నీ నుంచి స్తంభం దాకా ఉన్న ఏరియల్ తీగను ఒక బారెడు కోసేశాను. ఏరియల్ పొట్టిదైతే ఆ ఎక్కువ చుట్లు కూడా అవసరమవుతాయి. సంకేతం మాత్రం బలహీనపడుతుంది. చిన్న ఏరియల్ ఉన్నవాడు ఉన్న తీగను కోసుకోవడం మా రేడియో పిచ్చివాళ్ళలో ఎవరూ చెయ్యని పని.

"ఎవరన్నా ఏరియల్ కోసుకుంటారా అప్పా! మతి ఉండే చేస్తివా?" అని మిత్రుడు ఫోన్లో అరిచాడు.

"కాయిల్‌కి సరిపోవాలి కదా."

"కాయిల్ ఇంకో నాలుగు చుట్లు ఇప్పితే పోయేదానికి..." అని, మధ్యలో ఆగిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

చలికాలం వచ్చింది. ఒక ఆదివారం ఉదయం నేలంతా గడ్డకట్టిన మంచు, గాలి లేదు. పంపడం మొదలుపెట్టి, ముల్లు చూస్తూ షెడ్డులో కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఫోను మోగింది. ఆయన నా గుర్తును మొదటి నుంచి చివరి దాకా, ఒక్కో అక్షరం చదివాడు. కాసేపాగి మళ్ళీ చదివాడు.

"కనపడిందప్పా. అంతా కనపడింది. సన్నగానే ఉంది, కానీ ఎక్కడా తెగలేదు."

నేను కాయిల్ వైపు తిరిగాను.

"చెల్లెమ్మ చుట్టిందేనా?"

"ఆమెదే."

"బాగా చుట్టింది," అన్నాడు.

ఫోను పెట్టేశాను. పెట్టె స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, రెండోసారి చూసుకున్నాను. కరెంటు ఉండగా కాయిల్‌ను ముట్టుకోకూడదు. అప్పుడు ముడి మీద చెయ్యి వేశాను. ఉదయం నుంచి పంపుతున్నందువల్ల వెచ్చగా ఉంది. షెడ్డులో నా ఊపిరి తెల్లగా కనిపిస్తోంది. ముడి చల్లారేదాకా చెయ్యి తీయలేదు.