తుప్పు పట్టని స్టెంటు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, పూడిన గుండె నాళాలు తెరిచే క్యాథ్ ల్యాబు. బోగోలు వైపు సముద్రంలో వేట చేసే పోలయ్యకు గుండెలో స్టెంటు వేసింది నేనే.

కాదులెండి. వేసింది డాక్టరుగారు. నేను టెక్నీషియన్ని, అడిగిన సైజు పెట్టె విప్పి అందిస్తాను. ఎక్స్‌రేలు తగలకుండా ఏళ్ల తరబడి సీసపు కోటు మోసి నడుము వంగిపోయింది గానీ, గొప్పలు చెప్పే నోరు వంగలేదు.

స్టెంటంటే సన్నటి లోహపు జాలీ గొట్టం. పూడిన రక్తనాళాన్ని తెరిచి ఉంచుతుంది. బల్ల మీద పడుకున్న పోలయ్యకు దాని మీదే బెంగ.

"ఇనుమా సార్? ఉప్పుగాలికి మా ఇంజన్లే తుప్పు పట్టిపోతుండాయి."

"కోబాల్ట్ క్రోమియం అబ్బయ్యా! వెంట్రుకంత సన్నం. నువ్వు పోయినా అది తుప్పు పట్టదు."

భయంలోనూ నవ్వాడు.

అది డ్రగ్ కోటెడ్ స్టెంటు. దాని మీది మందు, లోపల కండ పెరిగి నాళం మళ్లీ పూడకుండా ఆపుతుంది. ఆ మందు వల్లే లోహం మీద నాళపు లోపలి పొర కప్పుకోవడమూ ఆలస్యమవుతుంది. ఆలోగా రక్తం పలచబడే మాత్రలు మానేస్తే జాలీలో గడ్డ కడుతుంది. రక్తం ఆగని ఇబ్బంది ఉన్నవాళ్లకు, మాత్రలు తొందరగా తగ్గించగల రకాలూ మా అల్మారాలో ఉంటాయి. ఆ ఇబ్బంది సంగతి ముందే తెలియాలి, అంతే. డాక్టరుగారు పోలయ్యను ఏడాది పాటు మాత్రలు వాడమన్నారు. తల ఊపాడు.

కొన్ని నెలలకు అతన్ని మళ్లీ అదే బల్ల మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా చెమట, నోట మాట లేదు. మాత్రలు మానేశాడట. స్టెంటులో గడ్డ. డాక్టరుగారు దాన్ని లాగి, బెలూనుతో దారి తెరిచారు. ప్రాణం దక్కింది. గుండె బలం మాత్రం తిరిగి రాలేదు. ఇక పడవ ఎక్కలేడు.

నా తుప్పు మాటే అతని కొంప ముంచిందని, లోహం అంత గట్టిదైతే మాత్రలెందుకనుకున్నాడని, అప్పటి నుంచి కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాను. మొన్న పోలయ్య చెకప్‌కు వచ్చినప్పుడు కొత్త నర్సుల ముందు మళ్లీ అదే ఎత్తుకున్నాను. అతను నేల చూపులు చూశాడు. భార్య మస్తానమ్మ ఊరుకోలేదు.

"రొంత గమ్మునుండు పెద్దాయనా. నీ మాట ఎవురిన్నారు? జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే నెత్తురు నిలవలేదు, వల లాగలేక మాత్రలు మానేసినాడు. ఆ గొట్టం దేంతో చేసినారో చెప్పినావు, ఎంత సన్నమో చెప్పినావు. వేటలో ఈయన చేతులు ఎన్నిసార్లు తెగతాయో అడిగినోళ్లు మీలో ఒక్కరుండారా?"