బొంగ్‌సిమ్ పార్లర్‌లో ఒక మధ్యాహ్నం

కొరియాలోని రేవు పట్నం యోసులో చేపల బజారు వెనక సందులో ఉన్న బొంగ్‌సిమ్ పార్లర్‌కి మర్యాద కోసం వెళ్లిన ఆడమనిషి లేదు. తలుపు తోసుకుని లోపలికి అడుగు పెడితే "రండి" అనేది కాదు బొంగ్‌సిమ్. "ఆ తలుపెయ్యి, చలి లోపలికొస్తోంది" అనేది. కుర్చీ ఖాళీ లేకపోతే గిన్నెడు వెల్లుల్లిపాయలు తెచ్చి ఒళ్లో పడేసేది, తన వంటకి ఒలిచి పెట్టమని. జుట్టు ఎలా కావాలని అడగడం ఆవిడ ఇంటావంటా లేదు. ఎవరు కూర్చున్నా ఒకటే గిరజాలు, కాలీఫ్లవర్ పువ్వులా బిగుతుగా. బజారులో ఆడవాళ్లంతా వెనకనించి చూస్తే ఒక్క తల్లి పిల్లల్లా ఉండేవారు.

అయినా అక్కడికే వెళ్లేవారు. ఆ గిరజాలు వానకీ ఉప్పుగాలికీ చెక్కుచెదిరేవి కావు. బొంగ్‌సిమ్ పక్క దీవినుంచి చిన్నప్పుడే పడవెక్కి వచ్చి, ఒకావిడ కొట్లో నేలమీది జుట్టు ఊడుస్తూ పని నేర్చుకుంది. కట్టుకున్న బస్సు డ్రైవరుకి వేరే ఊరి రూటు పడితే, అతను ఆ ఊళ్లోనే ఉండిపోయాడు. "తిరుగు టికెట్టు కొట్టుకోవడం మర్చిపోయాడు వెధవ" అని ఆవిడే చెప్పి నవ్వేది. బజారులో ఎవరింట్లో చావు జరిగినా ముందు వెళ్లి అంట్లు తోమేది ఆవిడే. తోముతూ ఆ ఇంటివాళ్లని తిట్టేదీ ఆవిడే.

ఆ బజారులోనే ఎండు నెత్తళ్లు అమ్మే మాల్సుక్‌కి ఆ ఏడు శరదృతువులో ఒక కోరిక పుట్టింది. టీవీ వాళ్లు ఊరూరా తిరిగి పెట్టే పాటల పోటీ యోసుకి వస్తోంది. మాల్సుక్ పేరిచ్చింది. నెత్తళ్లు ఏరుతూ ఏళ్ల తరబడి పాడుకున్న గొంతు అది. మర్నాడు పోటీ అనగా మధ్యాహ్నం కొట్టు మూసి బొంగ్‌సిమ్ దగ్గరికి వెళ్లింది.

"అక్కా, ఈసారి బిగుతుగా వద్దు. వదులుగా, కెరటాల్లాగా కావాలి."

"కెరటాలు కావాలంటే రేవుకి పో" అంది బొంగ్‌సిమ్, అప్పటికే దువ్వెన జుట్టులో దింపి. "ఏంటే విశేషం?"

"రేపు పాడుతున్నానక్కా, టీవీలో."

"నీ మొహం!" అని, చిన్న చిన్న గొట్టాలకి జుట్టు చుట్టడం మొదలుపెట్టింది. సగం తల అయ్యాక మళ్లీ అడిగింది, "ఇంతకీ ఏంటే విశేషం?" మాల్సుక్ మళ్లీ చెప్పింది. ఇందాక చెప్పింది చెవిన పెట్టనేలేదని ఒళ్లు మండింది. అయితే బొంగ్‌సిమ్ ఎవరి మాట చెవిన పెట్టింది గనుక?

చుట్టడం అయింది. గిరజాల మందు పోసి, ప్లాస్టిక్ టోపీ తొడిగి, "కదలకు, ముల్లంగి తెచ్చుకుంటా" అంటూ బొంగ్‌సిమ్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

వెళ్లిన మనిషి రాలేదు.

మాల్సుక్ కాసేపు అద్దంలో తన్ను తాను చూసుకుంది. కాసేపు పాట కూనిరాగం తీసింది. మందు చెవుల వెనక దురద పెట్టింది. తర్వాత చురుక్కుమంది. అప్పుడు ఆక్టోపస్‌లు అమ్మే గుమ్‌సిల్ అవ్వ తలుపు తోసుకుని వచ్చింది.

"ఏది ఆ మహాతల్లి?"

"ముల్లంగి కోసమని పోయిందవ్వా. ఎంతసేపయిందో! తల మండిపోతోంది."

"మండుతుంది మరి. పోయినసారి నా జుట్టు సగం కత్తిరించి నిద్రపోయింది."

"నిద్రా?"

"కళ్లు తెరిచే ఉన్నాయి. కత్తెర పట్టుకుని గోడకేసి చూస్తా నిలబడింది. ఏమే అంటే, నువ్వెప్పుడొచ్చావ్ అంది. ఎకసెక్కం! దాని పొగరు దిగేది కాదులే."

"ఈ మందు కడిగెయ్యనా అవ్వా?"

"కడిగితే అంతా పోతుందేమో. కడక్కపోతే కూడా పోతుందేమో. నాకేం తెలుసు, నేను ఆక్టోపస్‌లు అమ్ముకునేదాన్ని."

మాల్సుక్ ఇంక కూర్చోలేకపోయింది. మెడ చుట్టూ తువ్వాలు, నెత్తిన టోపీ, దానికింద గొట్టాలు, అలాగే బజారులో పడింది. పీతలమ్మే వాళ్లు ఈలలు వేశారు. "అక్కోయ్, టీవీలోకి ఈ వేషంతోనేనా!" అని ఎవరో అరిచారు. ముల్లంగి కొట్టు దగ్గర బొంగ్‌సిమ్ లేదు. అటు రానేలేదన్నారు. ఎర్రచిక్కుడు గింజల జావ అమ్మే కొట్టు ముందు, బల్లమీద తీరిగ్గా కూర్చుని కనబడింది, చేతిలో గిన్నెతో.

మాల్సుక్ నోటినిండా తిట్లు సిద్ధం చేసుకుని ఎదురుగా నిలబడింది. బొంగ్‌సిమ్ తలెత్తి చూసి, చెంచా గిన్నెలో వదిలేసింది.

"ఓసి దిక్కుమాలినదానా! ఎవత్తె చుట్టిందే నీకిలా?"

మాల్సుక్ చెయ్యి నెత్తిమీది టోపీమీదకి పోయింది.

"ఇటు రా, వంగు." బొంగ్‌సిమ్ టోపీ ఎత్తి చూసింది. "మందు ఇంతసేపా ఉంచేది? తోలు ఊడొస్తుంది. మందు పోసి మనిషిని వీధిలోకి తోలేసే దరిద్రులు కూడా పార్లర్లు పెట్టుకుంటున్నారు! ఎక్కడ చేయించుకున్నావే? ఆ కొత్త బజారులో గాజు తలుపుల కొట్లోనా? నా దగ్గరికి రావడానికి నామోషీనా నీకు?"

వేళాకోళం అనుకుంది మాల్సుక్. ఆవిడ మొహంలోకి చూసింది. ఆ కళ్లలో కోపం ఉంది, జాలి ఉంది, ఎక్కడా వేళాకోళం లేదు. ఎంత నిజంగా అడుగుతోందంటే, ఒక్క క్షణం మాల్సుక్‌కే అనుమానం వచ్చింది, తను వెళ్లింది ఇంకెక్కడికైనానా అని. "నువ్వే కదక్కా" అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చిన మాట ఎందుకో వెనక్కి పోయింది.

"ఎవరో అక్కా" అంది.

"ఎవరో ఏంటే? తల వాళ్ల చేతుల్లో పెట్టినప్పుడు మొహం చూడలేదా? పద, పద."

పార్లర్‌లో గుమ్‌సిల్ అవ్వ గొంతు సవరించుకుంది, బొంగ్‌సిమ్‌ని దులిపేద్దామని. మాల్సుక్ వెనకనించి చెయ్యి ఊపింది, వద్దన్నట్టు. అవ్వకి ఏమీ అర్థం కాలేదు. అసలు మాల్సుక్‌కి అర్థమైతే కదా! బొంగ్‌సిమ్ నీళ్లు పోసి గొట్టాలు ఒక్కొక్కటీ విప్పుతుంటే, జుట్టు కూడా వాటితోపాటే చేతికి వచ్చేసింది, తడిసిన ఎండుగడ్డిలా తెగి. అయ్యో అయ్యో అంటూనే, ఆ చేసిందెవరో వాళ్ల ఏడు తరాల్నీ దుమ్మెత్తిపోసింది ఆవిడ. చివరికి కత్తెర తీసి, మిగిలిందంతా మగపిల్లాడి క్రాపులా దగ్గరికి కత్తిరించింది.

మాల్సుక్ పర్సు తీసింది. బొంగ్‌సిమ్ ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"ఎవత్తో చెడగొట్టినదానికి నేను డబ్బు తీసుకోవడమేంటే? వెళ్లి ఆ ముండని అడిగి వెనక్కి తీసుకో."

ఇంటికి వెళ్తున్న మాల్సుక్‌కి ఎవరిమీద కోప్పడాలో తెలియలేదు. మర్నాడు ఆ క్రాపుతోనే వేదిక ఎక్కింది. రెండో చరణంలో గంట కొట్టి దింపేశారు. జుట్టెందుకు ఇలా కత్తిరించారని కార్యక్రమం నడిపే ఆయన అడిగితే, "మా అక్క కత్తిరించిందండీ, బాగుందా?" అంది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న బొంగ్‌సిమ్ అందరికంటే గట్టిగా కొట్టింది.

అయినా అనుమానం తీరక, పక్క ఊరు సున్‌చొన్‌లో ఉన్న బొంగ్‌సిమ్ తమ్ముడికి మాల్సుక్ ఫోను చేసింది. జరిగింది చెబితే అతను నవ్వేశాడు. "మా అక్క ఎప్పుడు సరిగ్గా పనిచేసిందండీ? మీకు తెలీదా?" అన్నాడు. బజారులో చెప్పినా అదే మాట. మొన్న పిలిస్తే పలకలేదంటే, అది దాని పొగరన్నారు. చెప్పింది వినలేదంటే, ఎప్పుడు విన్నదన్నారు. మాల్సుక్‌కి మతిపోయింది. మర్యాదస్తురాలికి మతిమరుపు వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. ఈవిడకి వస్తే కనిపెట్టేదెవరు? వెర్రి తనకే ఎక్కిందేమోనని కూడా అనుకుంది. చివరికి గుమ్‌సిల్ అవ్వే, బొంగ్‌సిమ్ ఆ వేళ కత్తెర పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడిన సంగతి మళ్లీ తలుచుకుని, "అది ఎకసెక్కం కాదే" అంది, మెల్లగా.

కళ్లు చూపించుకుందాం రమ్మని అబద్ధమాడి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మతిమరుపు జబ్బే. మొదలై చాలాకాలమైందన్నాడు డాక్టరు. ఇంతకాలం మీకెవరికీ తేడా కనబడలేదా అని అడిగితే, "ఎప్పుడూ అంతే కదా అనుకున్నామండీ" అన్నాడు తమ్ముడు.

పార్లర్ మూయలేదు. మందు పోసే పని మాత్రం మాన్పించారు. వంతులవారీగా ఎవరో ఒకరు పక్కన కూర్చుంటే, బొంగ్‌సిమ్ కత్తిరింపు మాత్రమే చేసేది. బజారు ఆడవాళ్లంతా పొట్టి జుట్టుకి మారారు.

చలికాలం వెళ్లిపోతుండగా, మాల్సుక్ వంతు రోజున, బొంగ్‌సిమ్ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ వేళ నీ జుట్టు తగలేసింది నేనేనా?"

ఆవిడ చూపు ఆ రోజు తేటగా ఉంది. మాల్సుక్ అబద్ధం చెప్పలేకపోయింది. "అవునక్కా."

"మరి నోరు మూసుకున్నావేం? నేను నిన్ను ఇన్నేళ్లు తిట్టలా?"

"నిజమేదో నాకే తెలియలేదక్కా. నువ్వు అంత గట్టిగా అడుగుతుంటే, నేనే పొరబడ్డానేమో అనుకున్నా."

బొంగ్‌సిమ్ ఆమె వీపుమీద ఒక్క చరుపు చరిచింది. "తిట్టాలే. నువ్వు తిట్టకపోతే నాకెలా తెలుస్తుంది, తప్పు చేశానని?"

మాల్సుక్ తిట్టబోయింది. తిట్టకుండానే చీపురు అందుకుని నేలమీది జుట్టు ఊడ్చింది. బొంగ్‌సిమ్ ఎదురు చూసి చూసి, "దీనికి తిట్టడం కూడా చేతకాదు" అని, తలుపు దగ్గర నిలబడ్డ మనిషికేసి తిరిగి, కూర్చోమని కేకేసింది.