వేదికకు వీపు పెట్టిన బాబాయి

ఉక్కు కార్ఖానా పక్కన మా సీతారాండేరా బస్తీలో కుర్రకారు నాటకం వేస్తే ఓ బాబాయి తప్పకుండా వచ్చేవాడు. ముందు వరుసలో కుర్చీ వెనక్కి తిప్పుకుని, వేదికకు వీపు పెట్టి, జనం మొహాలే చూస్తూ కూర్చునేవాడు. ఆ ఏడు మాది కూలీల పొట్టకొట్టే కంట్రాక్టరు కథ. చప్పట్లు కొట్టేవాళ్ళలో సగంమంది కంట్రాక్టు కూలీలే. ఎవరెవరు కొట్టారో వాళ్ళ అసలు కంట్రాక్టరుకు చేరవేసే మనిషి ఈ బాబాయని నా అనుమానం.

నా వేషం అవగానే వేదిక దిగి, ఆయన వెనకే నిలబడి మెల్లగా అడిగాను. "ఏటి బాబాయ్, ఎవుల్ని సూత్తన్నావు?"

తల తిప్పకుండానే అన్నాడు. "నాటకమేరా. కార్ఖానా హేమర్ షాపులో సుత్తుల మోతకి సెవులు పోనాయి. ఆళ్ళ మొకాల్లో సూసుకుంతన్నాను."

జాలేసింది. "మాఫ్ కరో బాబాయ్" అని వచ్చేశాను.

ఇంటిదారిలో కాళ్ళు ఆగిపోయాయి. చెవులు పోయిన మనిషి, వీపు వెనక నుంచి నేనడిగిన గుసగుసకి "ఏటీ" అనైనా రెట్టించకుండా జవాబు చెప్పాడు.