నేను వద్దన్న ఎనిమిది

ఈ సంగతి జరిగినప్పుడే రాసి ఇవ్వవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. అంకెలు మాత్రం వచ్చు. సాలూరులో లారీ డ్రైవరు భార్యను. బండి నంబరులోని అంకెలు కూడితే ఎనిమిది వచ్చే బండిని మా వీధిలో ఎవరూ కొనరు. మేము తెలియక కొన్నాం. అది రోడ్డు మీదకన్నా షెడ్డులోనే ఎక్కువ ఉంది.

మా కోడలు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఉద్యోగం చేసేది. లారీ ఆఫీసులకు సరుకు చీటీలు కొట్టే ప్రోగ్రాం వాళ్లది. వాడుకలో ఉన్నదాన్ని కదపకుండా దానికి నకలు తీసి, కొత్త పని అందులో చేస్తారట. ఆ నకలును కొమ్మ అంటారట. కొమ్మ తీసి నంబరు పెట్టే పని మొదటిసారి ఆమెకు అప్పగించారు. సరిగా చేస్తే పై ఉద్యోగం ఇస్తామన్నారు.

"ఇప్పుడున్నది ఒకటి పాయింటు ఏడు అత్తా. దీనికి ఎనిమిది పెడతన్నాను."

"లారీల పనికి ఎనిమిదేటే? తొమ్మిది పెట్టు."

"ఒకటీ ఏడూ కూడితే ఎనిమిదే కదా. అది బానే నడస్తన్నాది."

"నాకు లెక్కలు సెప్పకే. మీ మావ బండి ఏటయిందో సూసినావు కదా."

నవ్వేసి తొమ్మిది పెట్టింది. ఎనిమిది ఎందుకు వదిలిందో రాయడానికి అక్కడ చోటుందట. అత్త వద్దందని రాయడానికి మొహమాటపడి, ఖాళీగా వదిలేసింది.

వారం తర్వాత వాళ్ల ఆఫీసులో ఇంకొకామె మరో కొమ్మ తీసి, ఎనిమిది ఖాళీగా ఉంది కదా అని ఆ నంబరు పెట్టుకుంది. కొత్తగా చేర్చిన ఊళ్ల పేర్లలో దొర్లిన తప్పులన్నీ అందులో దిద్దింది. లారీ ఆఫీసులకు పంపే రోజున పెద్ద నంబరే కొత్తదనుకుని తొమ్మిదిని పంపారు. ఆ దిద్దుబాట్లు దానిలో లేవు. పాతపట్నం వెళ్లాల్సిన సరుకుకు కళింగపట్నం చీటీలు వచ్చాయి. లారీలు సముద్రం దాకా వెళ్లి తిరిగొచ్చాయి.

ఆ సాయంత్రం వాళ్ల ఆఫీసు పెద్దాయన ఫోను చేసి, ఎనిమిది ఎందుకు వదిలావని అడిగాడు. నేను పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్నాను. కోడలు నా వైపు చూడలేదు.

"నా పొరపాటేనండి" అంది.

పై ఉద్యోగం ఆ ఎనిమిది పెట్టుకున్నామెకు వెళ్లిపోయింది.

"నేనే వద్దన్నానని సెప్పకపోయినావేటే?" అన్నాను.

"సెప్తే నవ్వుతారు అత్తా. నువ్వు కాయితం రాసిస్తావేటి?"

ఇప్పుడు రాయగలను గానీ, ఆమె ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఈ కాగితం ఎవరికివ్వాలి?

ఆమె ఆ మాటన్న మర్నాడు ఉదయం అన్నం వార్చి, బజారుకు వెళ్లి పలక, బలపం కొని తెచ్చాను. ఆమె కంప్యూటరు పక్కన పెట్టి, "అ ఎలాగ రాస్తారో సూపించు" అన్నాను. రాసిచ్చింది. మధ్యాహ్నం దాకా దాని మీదే దిద్దుతూ కూర్చున్నాను.