కళ్ళకు అప్పజెప్పిన కాళ్ళు

నా పాదాలకు స్పర్శ పోయి ఏడాదవుతోంది. షుగరు తినేసింది. అడుగు ఎక్కడ పడిందో చూస్తే తప్ప తెలియదు. "కాళ్ళ పని కళ్ళకు అప్పజెప్పండమ్మా" అన్నాడు డాక్టరు. ఆయనకేం, చెప్పాడు. అమీర్‌పేట రద్దీలో తల వంచుకుని నడిస్తే ఎదుటివాడు గుద్దుతాడు, తలెత్తి నడిస్తే నేను పడతాను.

విజయవాడ నుంచి వచ్చాక ఆ అమీర్‌పేటలోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. రిటైరై ఇంట్లో కూర్చున్న మా ఆయనకు నేను గడప దాటడం గిట్టదు.

"ఏంటా నడక, చెవి దుద్దు పారేసుకున్నట్టు? రేపు ఆటో వద్దు. పంజాగుట్ట నుంచి ఒక్కదానివే నడిచి వెళ్ళు. పడ్డావా, ఉద్యోగం మానెయ్యాలి."

సరేనన్నాను. "చింత చచ్చినా పులుపు చావలేదు" అని నవ్వారు.

మర్నాడు మెట్రో స్తంభాల పక్కన బయల్దేరాను. ఒక కాలు ఆనిందని చూసి, నమ్మి, అప్పుడు రెండోది ఎత్తడం. భుజాలను గుద్దినవాళ్ళందరినీ మనసులో తిట్టుకున్నాను. మా ఇన్‌స్టిట్యూట్ మెట్లు కనిపించేసరికి గర్వం కూడా వచ్చింది.

వెనక నుంచి ఎవరో అరిచారు. "హల్లూ అమ్మా, హల్లూ!"

నా క్లాసు మొద్దెవడో అనుకున్నాను. ఇన్నాళ్ళు చెప్పినా హలో అనడం రాలేదని ఒళ్ళు మండింది. దిద్దుదామని గిర్రున తిరిగాను. చూపు తప్పగానే కాళ్ళూ తప్పాయి. రోడ్డు మీద బొక్కబోర్లా పడ్డాను.

"క్లాసుల మస్తు ఉరుకుతది మేడమ్, రోడ్డు మీద గింతే" అన్నాడు నా విద్యార్థి ఒకడు, నన్ను తప్పుకుని పోతూ.

అరిచింది జామకాయల బండి ఆయన. బండి వదిలేసి వచ్చి నన్ను లేపి కూర్చోబెట్టాడు. "హల్లూ అంటే నిమ్మలంగ అని అమ్మా. ముంగట గుంత ఉన్నదని చెప్పిన."

స్తంభం చాటు నుంచి మా ఆయన వచ్చారు. పొద్దుటి నుంచీ నా వెనకే ఉన్నారన్నమాట. దెబ్బ తగిలిందా అని అడగలేదు. ముందు ఇన్‌స్టిట్యూట్‌కు ఫోన్ చేశారు.

"రేపట్నుంచి ఆవిడ రాదండీ. ఆరోగ్యం బాగోలేదు."

తర్వాత నలుగురూ చూస్తుండగా వంగి, ఊడిపోయిన చెప్పు తెచ్చి నా కాలికి తొడిగారు.

"మంచి మనిషి దొరికిండమ్మా నీకు" అన్నాడు బండి ఆయన.

ఆ కాలితోనే ఆయన్ని తన్నాలనిపించింది. తన్నాలంటే ముందు కాలిని చూసుకోవాలి. నేను ఆయన మొహంలో సంతోషం చూస్తూ ఉండిపోయాను.