బంద్ రోజు లేచిన ముల్లు

నందిగామ బడిలో మీటరు చూపించినదాన్ని నేను రిపోర్టులో రాయలేదు. చూశాను, నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరెవరో ఆ బడికి దయ్యం పట్టిందని కథలు చెబుతుంటే ఒళ్లు మండి రాస్తున్నాను. శ్మశానం పక్క గదిలో అద్దెకుండి హాయిగా నిద్రపోయినవాణ్ణి నేను. దయ్యాలు లేవనే అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

తొంభైల చివర సంగతి ఇది. హైవే వెడల్పు చేసే ముందు, పక్కనున్న ఇళ్ల దగ్గర, బళ్ల దగ్గర ట్రాఫిక్ మోత ఎంతుందో కొలిచే ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాణ్ణి. మోత ఎక్కువని తేలితే బడికి రోడ్డు వైపు ఎత్తయిన గోడ కట్టాలి. తేలకపోతే అక్కర్లేదు.

ఆ బడి రోడ్డుకు ఆనుకునే ఉండేది. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లారీలు, విజయవాడ బస్సులు, అన్నిటికీ ఎయిర్ హారన్లే. గోడ కోసం అర్జీల మీద అర్జీలు పెట్టింది మూడో తరగతి చెప్పే వరలక్ష్మి టీచరుగారు. లారీ వస్తే చెయ్యెత్తి పాఠం ఆపేవారు, అది పోయాక మళ్లీ మొదలుపెట్టేవారు. అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది.

"ముందు బెంచీ వాళ్లకే వినపడుద్ది బాబూ. వెనకాలోళ్లకి నేను మూగదాన్నే," అన్నారు నాతో.

గోడ ఖర్చు మాకు పని ఇచ్చినవాళ్లకు ఇష్టం లేదు. అందుకని మా ఇంజనీరు ఒక ఉపాయం ఆలోచించాడు.

"రేపు బంద్ గదా, రేపే కొలిచేద్దాం. తేదీ చూసి బంద్ రోజని పట్టుకునే మొనగాడెవడయ్యా?" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఒక్క బండి తిరగలేదు. షాపులు మూసేశారు. హైవే మధ్యలో గేదెలు పడుకున్నాయి. బడికీ సెలవే కాబట్టి తాళం తీయడానికి టీచరుగారే వచ్చారు. ఇంజనీరు పక్కన నిలబడి చూస్తుంటే మూడో తరగతి కిటికీ దగ్గర స్టాండు వేసి మీటరు పెట్టాను.

ముల్లు లేచింది. కుడివైపు చివరిదాకా వెళ్లి, కాసేపు అక్కడే వణికి, మెల్లగా దిగింది. మళ్లీ లేచింది. లారీలు వరసగా పోతున్నప్పుడు ముల్లు ఎలా ఆడుతుందో అలాగే ఆడింది. నాకు మాత్రం పావురాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

బ్యాటరీ మార్చాను. జీపులోంచి రెండో మీటరు తెచ్చాను. అదీ అంతే. వరండాలో పెడితే ముల్లు కదలలేదు. రోడ్డు మీద పెట్టినా కదలలేదు. లోపలికి తెస్తే మళ్లీ లేచింది.

అప్పుడు చూశాను. టీచరుగారు మాకు వీపు పెట్టి నల్లబల్ల తుడుస్తున్నారు. ఉన్నట్టుండి ఆగి చెయ్యెత్తారు. అదే క్షణాన ముల్లు లేచింది.

"ఏమన్నా వినపడతందా అండీ?" అని అడిగాను.

"నాకు ఎప్పుడూ వినపడతానే ఉంటది. ఆదివారం ఇంటికాడా వినపడుద్ది," అన్నారు మామూలుగా.

ఆవిడను బయట నిలబడమన్నాను. ఆవిడ వెళ్లినా ముల్లు ఆగలేదు. ఇంజనీరు మొహం నిండా చెమట.

"మీటరు పాడైంది. వరండాలో వచ్చింది రాసెయ్."

"రెండూ ఒక్కసారే పాడవుతాయా సార్?"

"నీ ఉద్యోగం గూడా పాడవుద్ది. అదీ రాయమంటావా?"

రాశాను. బంద్ సంగతి రాయలేదు, ముల్లు సంగతీ రాయలేదు. ఇక్కడ మోత తక్కువే అని రాశాను.

గోడ కట్టలేదు. రోడ్డు వెడల్పయి లారీలు కిటికీకి ఇంకా దగ్గరయ్యాయి. ఆవిడ మళ్లీ అర్జీ పెడితే ఒక అధికారి మా రిపోర్టు ఆవిడ ముందు పడేసి, తల్లిదండ్రులందరి ఎదుటా "పిల్లల్ని అదుపు చెయ్యడం చేతగాక లారీల మీద పెడతన్నారా?" అన్నాడట. ఆ ఏడే ఆవిడ ఉద్యోగం మానేశారు.

మా ఇంజనీరేమో ఆ రోజు సంగతిని దయ్యం కథ చేసి పార్టీల్లో చెప్పుకు తిరిగాడు. దయ్యమైతే ఎవరూ గోడ కట్టక్కర్లేదు కదా!

ఆ తర్వాత చాలా ఏళ్లు అదే పని చేశాను. మీటర్లు తయారుచేసేవాళ్లను కూడా అడిగాను. ఖాళీ రోడ్డు పక్క గదిలో ఆ ముల్లు ఎందుకు లేచిందో ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.

కొన్నేళ్లకు జగ్గయ్యపేటలో ఒక సందులో ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఆవిడ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. పక్కన కూర్చుని మెల్లగా నా తప్పు చెప్పాను. ఆవిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"గట్టిగా చెప్పు నాయనా, చెవులు పోయినయ్."

ఇంకాస్త గట్టిగా చెప్పాను. వినపడలేదన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఎదురింటివాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. లేచి నిలబడి, గొంతు చించుకుని, సందంతా వినేలా అరిచాను.

"అబద్ధం రాసింది నేనే టీచరుగారూ! మీరు చెప్పిందంతా నిజం! నన్ను క్షమించండి!"